చింపుకునే అంచు

బల్లారట్‌లో జూలై వాన కురవదు,
ముసురు పట్టి ఊరి మీద కూర్చుంటుంది.
ఆ ముసురులో పక్కింటి నోరీన్ తలుపు తట్టింది.
"నువ్వేదో రాస్తావటగా.
మా డెస్మండ్ తప్పిపోయాడు,
స్తంభానికి అంటించేలా ఓ కాగితం రాసిపెట్టు."

డెస్మండ్ ఆమె కుక్క.
మరిది పేరే దానికీ పెట్టుకుంది,
ఇద్దరూ పిలిస్తే పలకరని.

రాస్తాను, నిజమే.
మూడు వందల ప్రతులు అచ్చేయించుకున్నవాణ్ణి.
గరాజ్‌లో పెయింట్ డబ్బాల పక్కన
రెండొందల అరవై రెండు
ఇంకా నన్నే నమ్ముకుని ఉన్నాయి.

పొయ్యి మీద టీ మరిగేలోపు రాసేశాను:
బోసిపోయిన ముంగిలి,
నాలుగు పాదాల నిశ్శబ్దం,
ఎదురుచూపుల్లో అరిగిన గొలుసు.
కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది నోరీన్.
"బాగుంది బాబూ.
ఇందులో కుక్క ఎక్కడుంది?"

పద్యానికీ నాలుగు పాదాలే కదా.
నాది ఒక్కటీ నడవలేదు.

టీ చల్లారిపోయింది. ఆమె చెబుతూనే ఉంది.
ఎడమ చెవి కొస లేదు.
ఎవరైనా గొడుగు తెరిస్తే మంచం కిందికి దూరతాడు.
పోస్ట్‌మాన్ అంటే ఇష్టం, వాడి బండి అంటే కోపం.
టోస్ట్ మాడిన వాసన వస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు,
మా ఆయన రోజూ మాడ్చేవాడు, ఆ ముక్క వాడిదే.
ఆయన పోయి నాలుగేళ్లు.
ఇప్పుడు నేనే మాడుస్తున్నాను.

ఆ చివరిది రాయకు, అంది.
రాశాను.

నోరీన్‌కి ఫోన్ సరిగా వినపడదు, అందుకని నంబరు నాది.
కాగితం కింది అంచున నిలువుగా పన్నెండుసార్లు వేసి
మధ్య మధ్య కత్తెరతో గాట్లు పెట్టాను.
స్టర్ట్ స్ట్రీట్‌లో స్తంభానికొకటి,
లాండ్రీ గోడకొకటి,
చేపల కొట్టు అద్దానికొకటి,
వానకు తడవకుండా ప్లాస్టిక్ తొడిగి, కింది అంచు మాత్రం బయటికొదిలి.

మర్నాటికి రెండు ముక్కలు చిరిగాయి.
మూడోనాటికి ఏడు.
సిగ్గు విడిచి చెబుతున్నాను,
కుక్క సంగతి మరిచి చిరుగులు లెక్కపెట్టుకున్నాను.
ఇంతమంది నన్ను ఎప్పుడు చదివారు గనక!

ఒకామె చూశానంది. వెళ్తే అది నక్క.
ఒకాయన తాగి ఫోన్ చేసి
తొంభై ఆరులో పోయిన తన కుక్క గురించి
ముప్పావుగంట చెప్పాడు, చివర్లో సారీ అన్నాడు.
శనివారం రాత్రి పదకొండు దాటాక
ఒక పిల్లవాడు, గుసగుసగా,
ఇంట్లోవాళ్లకి తెలియకూడదు కాబోలు:

"నేను చూళ్లేదు. ఊరికే అడుగుతున్నా.
దొరికాడా?"

లేదన్నాను.
కాసేపు ఊపిరి మాత్రం వినపడింది.

"ఇవాళ మా వంటింట్లో టోస్ట్ మాడ్చాను.
కిటికీ తెరిచిపెట్టాను."

ఫోన్ పెట్టేశాక నిద్ర రాలేదు.
గరాజ్‌లో దీపం వేసి ఒక ప్రతి తీశాను.
పదిహేడో పేజీలో వేదన ఉంది,
అనంతమని కూడా ఉంది.
ఎవరిదో లేదు. దాని చెవి ఎటువైపు తెగిందో లేదు.
దేనికి జడిసి ఎక్కడ దూరుతుందో,
ఏ వాసనకి పరుగున వస్తుందో
పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.
అక్షరాలు మాత్రం అందంగా ఉన్నాయి.
మంచి కాగితం. అప్పట్లో ఎక్కువ పెట్టి కొన్నాను.

రాయొద్దన్నది రాశావుగా, అని నోరీన్ మర్నాడు నిలదీసింది.
అవునన్నాను.
ఆమె ఇంకేమీ అనలేదు.
ఆ పిల్లవాడి పేరేమిటని అడిగింది.
అడగలేదే, అన్నాను.

డెస్మండ్ ఇంకా రాలేదు.
ముసురూ వదల్లేదు.
పొద్దున్నే చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్తే
వీధిలో మూడిళ్ల నుంచి మాడు వాసన,
లేదా నా ముక్కు భ్రమ.
కాసేపు అక్కడే నిలబడ్డాను,
నేనే ఎక్కడినుంచో తప్పిపోయి వచ్చినట్టు.