వైట్నర్

ఆ సీసా నాదే.
కమిషన్ ఇచ్చిన పెట్టెలో
సిరా, లక్క, కొవ్వొత్తులు, దారపుండ ఉన్నాయి గానీ
అది లేదు.
హాజరుపట్టీలో తప్పులు దిద్దుకోడానికి
ఫలోంబే బజార్లో నా డబ్బుతో కొన్నాను.

రాత్రి రెండున్నర. ఐదో తరగతి గది.
కొవ్వొత్తి చుట్టూ ముగ్గురు పార్టీ ఏజెంట్లు,
గుమ్మంలో అరటిపండు ఒలుచుకుంటూ ఒక పోలీసు.
ఏడూ ఎనిమిదీ పదిహేను,
ఐదు వేసి ఒకటి చేతిలో పెట్టుకున్నాను.
ఆ ఒకటి నిద్రమత్తులో ఎక్కడ జారిపోయిందో,
మొత్తం పది తగ్గింది.
పట్టుకున్నది లైసన్.
ఆ ఓట్లు అతని పార్టీవి కూడా కావు.
"ఎనిఫా టీచర్, పదిమందిని దేశం దాటించేశావ్" అన్నాడు.
అందరం నవ్వాం.
తెల్లగా పూసి, ఊది, ఆరాక
సరైన అంకె వేశాను.
ముగ్గురూ సంతకాలు పెట్టారు.

అదే రాత్రి
ఇంకెక్కడో, ఇంకెవరో
ఇలాంటి సీసాలతోనే
ఊళ్ళకు ఊళ్ళు పూసేశారట.

నెలల తరబడి టైర్లు కాలాయి.
పాఠం మధ్యలో పిల్లలు దగ్గేవారు.
లిలోంగ్వేలో న్యాయమూర్తులు
గౌన్ల కింద తూటాలాపే చొక్కాలు తొడుక్కుని
సైనికుల బండిలో కోర్టుకొచ్చిన రోజు
మా వీధి మొత్తానికి ఒకటే రేడియో.
మబ్బుల సందున దొరికిన ఎండలో
బ్యాటరీలు వేడిచేసి మరీ విన్నాం.
పొద్దున మొదలైన తీర్పు
మధ్యాహ్నం ఎన్‌సిమా ఉడికినా తెగలేదు,
గిన్నెలు కడిగినా తెగలేదు.
ఆ తెల్లరంగు పేరు ఎన్నిసార్లు వచ్చిందో
లెక్కపెడుతూ కూర్చున్నాను, అలవాటు కొద్దీ.
నలభై దగ్గర ఆపేశాను.
వచ్చిన ప్రతిసారీ
నావైపు చూడకుండా ఉండడానికి
పక్కింటివాళ్ళు పడ్డ పాట్లు చూడాలి.

చీకటి పడ్డాక ఆ మాట చెప్పారు.
ఎన్నిక చెల్లదు.
వీధి వీధంతా గిన్నెలు మోగించింది.
నేనూ మోగించాను, గరిటె వంకరపోయేదాకా.
నా కాగితం కూడా చెల్లలేదని
మోగిస్తూ మోగిస్తూ ఉండగా తోచింది.

"నీది దొంగలెక్క కాదని సాక్ష్యం చెబుతా"
మర్నాడు లైసన్ వచ్చి కూర్చున్నాడు.
ఎవరికి చెబుతావు?
అడిగినవాళ్ళెవరు?

అడిగింది యాంఖో ఒక్కడే, వెనక బెంచీ నుంచి.
"తప్పు దిద్దుకోడం నేరమా, మేడమ్?"
కాదు.
ఒకే ఒక్క గీతతో కొట్టెయ్యి,
కింద ఉన్నది కనబడాలి,
పక్కన నీ పేరు రాయి.
వాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు,
'కనబడాలి' తప్పు రాశాడు,
రబ్బరు తీశాడు,
నా మొహం చూసి పెట్టేశాడు.

జూన్‌లో మళ్ళీ ఓట్లు.
ఈసారి నన్ను పిలవలేదు.
నా గది బయటే వరసలో నిలబడ్డాను.
నా కుర్చీలో ఎవరో కుర్రవాడు,
జేబుకి రెండు పెన్నులు.

సీసా ఇంకా సొరుగులోనే ఉంది.
పారేస్తే ఏదో దాచినట్టుంటుంది.
మూత బిగుసుకుపోయింది.
మొన్న ఊపి చూశాను.
ఎండిన తెలుపు మధ్య
లోపలి గోళీ
ఇంకా కదులుతోంది.