నడుము లోతు లెక్క

అనేకల్ దారిలో, ఇటుకబట్టీ దాటాక, దొణ్ణెకుంట.
నిలబడితే నీళ్ళు నా నడుముకి,
పిళ్ళప్పకి రొమ్ముకి.
చవితి వెళ్ళాక రంగుమట్టి కలిసి
ఇంకో జానెడు తక్కువ.

ఇందులో చేపలెన్ని, అని అడిగింది ఆఫీసు.
గాలం వేసేవాళ్ళకి అవకాశం ఎలా ఉంది, అని కింద ఇంకో గడి.
మొదటి గడిలో అంకె వేయాలి.
రెండోదాంట్లో మాటలు, ముప్పైకి మించకుండా.

లెక్క తేలికే.
వలేసి పట్టు, రెక్క కొస కత్తిరించు, వదిలిపెట్టు.
నెల పోయాక మళ్ళీ వల వేయి.
కత్తెర గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూడు.
మిగతాది హెచ్చవేత, భాగహారం.

నలభై కత్తిరించాను.
దాదాపు అన్నీ జిలేబీలే,
అరచేయంత కాకముందే తల్లులైపోయినవి.
ఒకటి నోట్లో పిల్లల్ని దాచుకుని
నా వేళ్ళ మధ్య కూడా పెదవి విప్పలేదు.
మూడు బొచ్చెలు, ఎవరో మొక్కుకుని వదిలినవి.
ఒక జెల్ల. దాన్ని కత్తిరించబోతే
అదే నన్ను పొడిచింది.
రెండోసారి డెబ్బై పడితే గుర్తున్నవి ఏడు.
అంటే నాలుగు వందలు.

పిళ్ళప్ప లెక్క వేరు.
గట్టు మీద బీడీ ముట్టించి నీటికాకుల్ని చూస్తాడు.
"పది మునకలకి ఆరుసార్లు ఉత్త ముక్కుతో లేస్తా ఉంది సా.
పోయినేడు మూడుసార్లే.
దానికన్నా మీ కత్తెరకి ఎక్కువ తెలుసునా?"
మరి ఎన్నున్నాయంటావు?
"రెండు కూరలు, ఒక అబద్ధం."

అబద్ధం అంటే కొర్రమీను.
మూరెడుందని పంక్చరు షాపు ఇదాయత్,
కాదు, చెయ్యంత అని రెండో టవరు నిఖిలేశ్.
పన్నెండు వేల గాలంకర్ర వాడిది.
రబ్బరు కప్పని విసురుతాడు,
పడితే ఫొటో తీసి వదిలేస్తానంటాడు.
"వదిలేదానికి పట్టేదెందుకు?" అని
మైదాముద్దకి పడ్డ జిలేబీని సంచీలో వేసుకుంటాడు పిళ్ళప్ప.
"ఇది ఫొటోకి బాగుండదులే."

మే నెల. మూడు రోజులుగా కదలని మబ్బు.
తెల్లారుజామున నాలుగింటికి ఫోను:
"సా, చేపలన్నీ పైకొచ్చి గాలి తాగతా ఉండాయి."

వెళ్ళేసరికి కుంటంతా నోళ్ళు.
టార్చి వేస్తే గుండ్రంగా, వందలకి వందలు,
చినుకులు కిందనించి పడుతున్నట్టు.
ఏడాదంతా దాక్కున్నవి
ఒక్కసారే నా ఎదటికొస్తే
లెక్కపెట్టడం మరిచిపోయాను.

పిళ్ళప్ప పుట్టిలో నిలబడి తెడ్డుతో నీళ్ళని బాదుతున్నాడు.
ఇదాయత్ కంప్రెసర్ని ఆటోలో వేసుకొచ్చాడు,
లారీ చక్రాలకి పట్టే గాలి
బురదలోంచి బుడబుడమంది.
నిఖిలేశ్ నిక్కరుతో దిగి
బకెట్టుతో ముంచిన నీళ్ళని
ఆ నీళ్ళలోనే ఎత్తి పోస్తున్నాడు.
ఎండ పొడిచేదాకా పోశాడు.

చచ్చినవి ఇరవై ఆరు.
వీటిని మాత్రం సరిగ్గా లెక్కపెట్టాను.
అందులో ఒకదాని రెక్క కొస
పాలపన్నులా లేతగా, తక్కినదానికన్నా తెల్లగా ఉంది.
నేను కత్తిరించిన చోటే మొలిచింది.
అంటే, మానినవాటినల్లా
కొత్త చేపలని రాసుకున్నానన్నమాట.

నాలుగు వందల్లోంచి ఇరవై ఆరు తీసేశాను.
పక్కన "సుమారు" అని చేర్చాను.
అది చిన్నక్షరాలతో.

రెండో గడి ఖాళీ.
గట్టు మీద నిఖిలేశ్ వణుకుతున్నాడు,
కర్ర ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు.
అప్పుడే, గుర్రపుడెక్క అంచున
నీళ్ళు ఒకసారి లోపలికి ముడుచుకుని విడిపోయాయి.
పైకొచ్చి గాలి మింగి పోయిందేదో.
పొడుగ్గా, నల్లగా.
నలుగురం చూశాం. ఎంతుందో ఎవరం అనలేదు.

పిళ్ళప్ప తడిసిన బీడీని చెవి వెనక పెట్టుకుని
"రాసుకో సా," అన్నాడు,
"అబద్ధం బతికే ఉంది."

మూడు మాటలు.
గడిలో ఇంకా చోటుంది.