అరమాత్ర

రొమాల్డో బర్రెటో కింద పడడం
నా జీతంలో ఒక భాగం.
వేదిక ముందు గుంటలో,
ట్రంపెట్ ఎలీజియో మోచేతికీ మెట్లకీ మధ్య
ఇరవై తొమ్మిదేళ్ళుగా నేనూ నా డ్రమ్మూ.
అతని తుంటి చెక్కని తాకిన క్షణానికే
నా కర్ర తోలుని తాకాలి.
ముందైతే నేను వెక్కిరించినట్టు,
వెనకైతే అతనికి దెబ్బ తగిలినట్టు.
రెండూ ఒక్కటైతేనే నవ్వు.

కొంకణి తియాత్రులో మా తెర ఏడుసార్లు లేస్తుంది.
ఆరుసార్లు ఏడవడానికే:
తాగి ఇల్లమ్మిన అన్న, కువైట్ నుంచి ఉత్తరం మానేసిన మొగుడు,
జపమాల వదలకుండా, పాట ఆపకుండా చచ్చిపోయే తల్లి.
ఆ సందుల్లో దూరి బతికాడు రొమాల్డో.
చెవిటి వంటవాడు, చర్చి గంటలవాడు,
ఊరంతా అప్పున్న తాగుబోతు.
అసలు మనిషి సోడా తప్ప ముట్టడు.
ఆ తూలే నడక ఎక్కడ నేర్చావని అడిగితే
"మా నాన్న ముందు నడిచేవాడు,
వెనక నేను టార్చిలైటు పట్టేవాణ్ణి" అన్నాడు.

నేనెప్పుడూ అతన్ని చూసి నవ్వలేదు.
లెక్కపెట్టేవాడికి నవ్వు రాదు.
కుర్చీ, ఒకటి.
జారిన పళ్ళెం, రెండు.
యజమానురాలి వైపు చూపు, మూడు,
ఆ చూపుని హాలుని బట్టి సాగదీస్తాడు,
మడ్‌గావ్‌లో పొడుగు, చించిణీ పండగ పందిట్లో పొట్టి.
తర్వాత నాలుగు. ధబ్.

వానల్లో మా కంపెనీకి ఆటల్లేవు.
కుడ్చడె బజార్లో గొడుగులు బాగుచేస్తాడు.
నా దగ్గరా పూర్తి డబ్బులు తీసుకుంటాడు.
తెరిచి మూసి, తెరిచి మూసి, చెవి దగ్గర పెట్టుకుని
"ఇది ఆలస్యంగా విచ్చుకుంటోంది" అంటాడు
డాక్టరులా.

పోయిన జనవరి, కుంకొళ్ళి, నాలుగో తెర.
కుర్చీ. పళ్ళెం. చూపు.
నా కర్ర పడింది.
అతను పడలేదు.
మోకాలు మొండికేసింది.
నడుము వంగి అలాగే ఆగిపోయి
నా డ్రమ్ము వైపు చూశాడు,
అర్ధరాత్రి ఎవరో తలుపు కొట్టినట్టు.
ఆ తర్వాత కుర్చీ కోడు పట్టుకుని
ఒక్కో ఎముకనీ ఒప్పించుకుంటూ
నేలకి దిగాడు.

హాలు ఊగిపోయింది.
ముందు వరసలో ఒక ముసలావిడ
కట్టుడుపళ్ళు చేత్తో అదిమిపట్టుకుంది.
నాటకం రాసినాయన తెర వెనక్కి పరిగెత్తుకొచ్చి
"అది అలాగే ఉంచెయ్" అన్నాడు.

రాత్రి బస్సులో, అందరూ నిద్రపోయాక,
తన కాలు తనే రెండు చేతుల్తో ఎత్తి
ఎవరిదో సామాను సర్దినట్టు ఎదుటి సీటు మీద పెట్టుకున్నాడు.
మాత్ర సగానికి విరిచి మింగాడు.
మిగతా సగం అగ్గిపెట్టెలోకి.
"తొందరపడ్డాను" అన్నాను.
ఇరవై తొమ్మిదేళ్ళలో నేనాడిన పెద్ద అబద్ధం.
"పడ్డావు" అన్నాడు కిటికీ వైపు తిరిగి.
"రేపు కూడా పడు."

అప్పట్నించీ ముందే కొడుతున్నాను.
తాళం తప్పడం తేలికే,
రోజూ ఒకేచోట తప్పడం చూడండి.
అదీ కుదరడం లేదు:
ఊరూరికీ ఆ ఖాళీ కాస్త పెరుగుతోంది.
ఎలీజియో ట్రంపెట్ మీంచి నన్ను చూస్తాడు.
నేను చూడను.
జనం మాత్రం ఇంకా నవ్వుతున్నారు.

మొన్న బెతాళభాటిలో
యజమానురాలి వైపు వెయ్యాల్సిన చూపు
తిప్పి నా మీద వేశాడు.
కన్ను కొట్టాడో, చెమటే పడిందో.
ఫక్కున నవ్వొచ్చింది నాకు.
కర్ర వేళ్ళలోంచి జారి
ఎలీజియో బూట్ల కిందికి దొర్లింది.
ధబ్ లేదు.

అతను పడ్డాడు.
అరవై నాలుగేళ్ళ మనిషి చెక్క మీద పడితే వచ్చే చప్పుడు
ఎంత చిన్నదో
అప్పుడు విన్నాను.