ఎడమ భుజం

పోర్చుగల్ ఈశాన్యపు కొండల్లో
ఫిబ్రవరి చలికి రాతి ఇళ్ళు
పొగ మింగుతూ ముడుచుకున్నాయి.
అదొజిందా అత్త వంటింట్లో
వేలాడే సాసేజీల కింద కూర్చుని
వేషం విప్పుతోంది.

అసలది వేషం కాదు, దుప్పటి.
వాళ్ళమ్మ పెళ్ళినాటి ఉన్ని దుప్పటి.
దాని కింద ముగ్గురు పుట్టారు, ఒకరు పోయారు.
ఆ తర్వాతే కత్తెర పడింది.
చొక్కా అయింది, పంట్లాం అయింది,
వాటి నిండా వరసలు వరసలుగా
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కుచ్చులు.
"మూడు కిలోల ఉన్ని, నాలుగు చలికాలాల చూపు"
అంటుంది అత్త.
సూదిలో దారం ఎక్కించడం నా పని.
బెజ్జం ఆమెకిప్పుడు ఒక పుకారు.

ఫిర్మీను మామ ముప్పై ఒక్క కార్నివాల్‌లు ఆడాడు దీంట్లో.
రేకు ముఖం, కత్తిలాంటి ముక్కు,
నడుము చుట్టూ ఆవుల గంటలు.
ఎవరు ఎవరో ఊరికి తెలియకూడదు, అదే ఆట.
కుట్టిన మనిషి దగ్గర మాత్రం ఎక్కడ దాక్కుంటారు?
మోచేతి మాసిక,
వరస తప్పిన ఒక పసుపు కుచ్చు,
ఎడమ భుజాన వేలెడు వదులు.
చెస్ట్‌నట్ చెట్టు మీంచి పడ్డాక
మామ ఎడమ భుజం పైకి లేచే ఉండేది.

నిన్న రాత్రి తలుపు కొట్టింది బెల్మీరు.
గోడ మీది ఆ చెట్టు ఎవరిదన్న తగువుతోనే
పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేని ఇల్లు.
టోపీ చేతిలో పట్టుకుని, గడప అవతలే నిలబడి,
"మా వేషం ఎలుకలు కొట్టేశాయి" అన్నాడు.
ఈ ఏడు మిగిలింది నలుగురే.
నలుగురి గంటలు లోయ దాటవు.

అత్త టేపు తియ్యలేదు.
కళ్ళతోనే కొలిచింది.
పగవాణ్ణి కొలవడం ఆమెకు బాగా అలవాటు.
రాత్రంతా కూర్చుని
చేతులు పొడిగించింది, నడుము బిగించింది.
ఎడమ భుజం దగ్గర కత్తెర ఆగింది.
"అదీ సరిచెయ్యాలిగా?" అన్నాను.
"దాని జోలికి పోకు."

మంగళవారం.
గంటలు ముందు, కేకలు వెనక.
నడుముకి గంటల దెబ్బ తినడం ఆనవాయితీ,
తినకుండా పరిగెత్తడమూ ఆనవాయితీయే.
ఆడవాళ్ళంతా నవ్వుతూ పరిగెత్తారు.
అత్త గుమ్మంలోనే నిలబడింది.

రేకు ముఖం వచ్చి ఆమె ముందు ఆగింది.
ముక్కు కింది చీలికలోంచి ఆవిరి.
అత్త చెయ్యి చాచి
ఎడమ భుజం మీద మిగిలిన గుడ్డను
రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.
లోపల గాలి.
"సరిపోయిందా?"

ముసుగు మాట్లాడకూడదు. మాట్లాడలేదు.
భుజం మాత్రం
మెల్లగా పైకి లేచింది,
ఆ వదులు నిండేదాకా.

అప్పుడు పడింది దెబ్బ.
గట్టిగానే.
మూడు రోజులు కమిలి ఉంది నడుము.