లేని బ్రేకు

ఇక్కడ స్టీరింగు ఎడమ పక్క.
అంటే నేనిప్పుడు కూర్చున్నది
పదకొండేళ్ళు బస్సు నడిపిన సీటే.
చక్రం ఒక్కటే లేదు.

నిజ్వాలో బయల్దేరినప్పుడు ముప్పై ఎనిమిది డిగ్రీలు.
రెండు నెలలకి సలోమికి దొరికిన ఒక్క శుక్రవారం.
ప్రాడో తన వార్డులో మలయాళీ సిస్టరుది,
లైసెన్సు సలోమిది,
కోడి పలావు నాది.

బిర్కత్ అల్ మౌజ్ దాటగానే చెక్‌పోస్టు.
నాలుగు చక్రాలూ లాగే బండేనా అని వంగి చూసి
కాయితాలు అడిగాడు పోలీసు.
నా చెయ్యి జేబులోకి పోయింది.
అతను వచ్చింది నా కిటికీ దగ్గరకి కాదు.

ఆరేళ్ళలో మూడుసార్లు తప్పాను డ్రమ్ముల పరీక్ష.
వెనక్కి పోనిస్తూ డ్రమ్ముకి తగలకూడదు, అంతే.
పాడేరు ఘాట్లో ఎదురు లారీకి దారిచ్చి
వెనక చక్రం లోయ అంచున నిలబెట్టినోణ్ణి
ఖాళీ డ్రమ్ముకి తగిలాను.
నిస్సీ నవ్వింది.
నవ్వొద్దంది వాళ్ళమ్మ. అదే ఎక్కువ గుచ్చుకుంది.

జెబెల్ అఖ్దర్ అంటే పచ్చకొండట.
పచ్చ ఏదీ, పచ్చ ఏదీ అని ఆశేరు ఒకటే గోల.
ఏనుగు తోలు ఆరేసినట్టు రాయి,
మలుపు తిరిగినప్పుడల్లా ఒక డిగ్రీ కిందికి.
బ్రేకులు పోయిన బళ్ళ కోసం
కొండకి ఎదురెక్కించిన కంకర దారులు.
మా ఘాట్లో అవి లేవు.
మోదకొండమ్మ గుడి దగ్గర రూపాయి విసరడం ఉంది,
నా వంతు కూడా కండక్టరు సింహాద్రే విసిరేవాడు.

పైన సైక్‌లో దానిమ్మ పూసింది.
చాప పరిచాం. గిన్నె మూత తీశాం.
అంతదాకా ఏమెరగనట్టున్న ఆకాశం
పక్కింటి తగువు మోసుకొచ్చి మా మీద దింపింది.
పలావులో వడగళ్ళు. నిస్సీ జడలో వడగళ్ళు.
మంచు ఫ్రిజ్‌లోనే కాస్తుందనుకునే ఆశేరు
ఖాళీ గిన్నెలోకి ఏరుతున్నాడు
అరుస్తూ, ఏడుస్తూ,
రెండూ ఒకేసారి.

దిగేటప్పుడు పొగమంచు.
బానెట్టు కూడా సగమే ఉంది.
పసిపిల్లల నరం వెతికి సూది గుచ్చే వేళ్ళు
స్టీరింగు మీద తెల్లబడ్డాయి.
తొక్కుతోంది, వదుల్తోంది, మళ్ళీ తొక్కుతోంది.
కాలుతున్న వాసన నాకే ముందు తెలిసింది.
చెప్పనా?
చెబితే పాత డ్రైవరు గీర.
చెప్పకపోతే బండిలో నలుగురం.
ఈ లెక్కకి ఒక మలుపంతా పట్టినందుకు
ఇప్పటికీ సిగ్గే.

"ఏటి సెయ్యాలి?"
తల తిప్పకుండా తనే అడిగింది.
ఆ యాస తన నోట విని ఎన్నాళ్ళో.

"బ్రేకొదిలీ. ఒకటో గేర్లో పెట్టు. ఇంజనే పట్టుకుంటాది."
పట్టుకుంది.
అద్దం దించి, తల వానలో పెట్టి,
రోడ్డంచు గీత ఒక్కటే చూస్తూ
సింహాద్రి గొంతు అరువు తెచ్చుకున్నాను:
రైట్... రైట్... హోల్డాన్... రైట్...
వెనక సీట్లోంచి పిల్లలూ అందుకున్నారు.
టిక్కెట్టు కొట్టనిదే దిగనివ్వనంది నిస్సీ.

చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. వాదీ పొంగింది.
పొద్దున దుమ్ము లేపుతూ దాటిన చోట
ఎర్రనీళ్ళు, ఒక ఖర్జూరపు మట్ట, ఎవరిదో నీలం చెప్పు.
ముందు బండి ముసలాయన ఫ్లాస్కులోంచి కావా పోసిచ్చి
వేళ్ళు చూపించాడు: రెండు గంటలు, మూడు,
తర్వాత వేలు పైకి.

ఆశేరు గిన్నె తెరిచాడు.
నూనె తేలుతున్న నీళ్ళు.
ఎవరు తినేశారని నన్నే నిలదీశాడు.

వాళ్ళు నిద్రపోయాక
వైపర్లు ఆపింది సలోమి. ఇంజనూ ఆపింది.
చాలాసేపు నీళ్ళ చప్పుడే.
ఆ తర్వాత, ముందుకే చూస్తూ,
"ఇంక కాలు తియ్యి" అంది.

చూసుకుంటే
నా కుడికాలు కార్పెట్టుని ఇంకా అదిమిపట్టే ఉంది,
మోకాలిదాకా తిమ్మిరెక్కి.