నూనె పెట్టని చక్రం

పడవ మమ్మల్ని దింపి
ఇంజను చప్పుడు తనతోనే పట్టుకుపోయింది.
రేవు గట్టు మీద తోపుడుబండ్లు,
ముక్కులు నేలకానించి, చేతులు వెనక్కి చాపి,
బడి విడిచే వేళ గేటు దగ్గర నిలబడ్డ తాతల్లా.
ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు, తలో రంగు.

ఈ దీవిలో కారు లేదు. స్కూటరు లేదు.
ఎండాకాలం సైకిలు కూడా గోడకి కట్టేయాలట.
పందొమ్మిదేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషిని నేను.
మొదటి రాత్రి నిద్రలో
నా కుడికాలు బ్రేకు కోసం తడుముకుంది.
దుప్పటి దొరికింది.

గది అద్దెకిచ్చిన టోంకా, డెబ్బై దాటిన మనిషి,
నా పెట్టె తన నీలం బండిలో పడేసి ముందు నడిచింది.
రెండు రాతిగోడల మధ్య ఇరుకు దారి,
పైనుంచి అంజూరపు కొమ్మలు,
కింద చక్రం కీచు కీచు.
"కాస్త నూనె పెట్టకూడదా?"
సగం మాటల్తో, సగం చేతుల్తో అడిగాను.
ఆగింది. లెక్క తప్పిన పిల్లని చూసినట్టు చూసింది.
"పెడితే, నేనొస్తున్నట్టు ఎవరికి తెలుస్తుంది?"

మూడో రోజుకి నా చెవులకీ కాస్త చదువొచ్చింది.
రెండుసార్లు కీచుమని ఒకసారి దగ్గేది రొట్టెల కొట్టుది.
పిట్టలా కూసేది స్తోషియాది, ఆవిడ మాత్రం అసలు మాట్లాడదు.
డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు
లొడలొడలాడుతూ వచ్చేది యెరోలిమ్‌ది.
గ్యాసుబండలు, ద్రాక్ష గంపలు,
కాలు విరిగిన అత్తగారు,
కొత్త పెళ్ళికూతురి నిలువుటద్దం, దాన్నిండా ఊగే ఆకాశం,
అన్నీ ఒకే దారిన, ఒకే వేగంతో.
"ఆఖర్న మనల్నీ అదే మోస్తుంది,"
ఉప్పు అందిస్తూ అంది టోంకా.
చేపలో నిజంగానే ఉప్పు తగ్గింది.

అయిదో రాత్రి, రెండు దాటాక, లొడలొడ.
ఆ వేళకి ఆ బండి కదలకూడదు.
ఎవరూ ఎవరినీ పిలవలేదు.
కిటికీ తర్వాత కిటికీ వెలిగింది.
యెరోలిమ్ తన బండిలోనే ఉన్నాడు,
మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని, ఉన్నికోటు కింద.
తోస్తున్నది చెల్లెలు పెరీనా.
టోంకా చెప్పుల్లేకుండా వెళ్ళి రెండో పిడి అందుకుంది.
చక్రం రాయెక్కినప్పుడల్లా
ఆయన గుమ్మాల వైపు చూసి "క్షమించండి" అంటున్నాడు,
నిద్ర చెడగొట్టినందుకు.

ఆసుపత్రి పడవ వచ్చింది, తీసుకుపోయింది.
బండి మిగిలింది.
మర్నాడు వాన. బండి కడుపులో నీళ్ళు.
ఒక పసుపుపచ్చ పిల్లి రోజూ వచ్చి
అందులో తాగి, మూతి తుడుచుకుని పోయేది.

ఎనిమిదో రోజు సరుకుల ఓడలో
టోంకాకి సున్నం బస్తాలు దిగాయి. తన బండిలో సగమే పట్టాయి.
"అది తీసుకో. ఊరికే నిలబడితే తుప్పు పడుతుంది."
నీళ్ళు వంపి, మూడు బస్తాలు ఎత్తి, తోశాను.
పది అడుగులు వేశాకగాని నాకు తట్టలేదు
ఆ చప్పుడు ఎవరిదో.

అప్పటికే తలుపులు తెరుచుకుంటున్నాయి.
స్తోషియా గోడ మీంచి వంగి, ఎవరో కుర్రాడు చెట్టు దిగి.
మలుపులో పెరీనా,
ఒక కాలికే చెప్పు, మోచేతుల దాకా పిండి, పరుగు మీద.
నన్ను చూసింది. బస్తాలు చూసింది.
"ఓ," అంది.
బస్సు వదిలేసి దిగిపోయే దారి కూడా లేని డ్రైవర్లా
పిడులు పట్టుకుని అలాగే నిలబడ్డాను.
పెరీనా వచ్చి ఎడమ పిడి మీద చెయ్యి వేసింది.
"ఇది ఎడమకి లాగుతుంది. ఇలా పట్టుకోవాలి."
పిండి నా వేళ్ళకి అంటింది.

నేను వెళ్ళే రోజున నా పెట్టె ఆ బండిలోనే వెళ్ళింది.
ఈసారి ఎవరూ బయటికి రాలేదు,
దిగువకి వెళ్ళే చప్పుడు వేరట.
రేవులో పెరీనా వెనకనుంచి కేకేసింది:
"పిడులు ఊరివైపు ఉండాలి!
పడవ దిగగానే తిప్పుకోలేడు."

తిప్పి నిలబెట్టాను.
కొంచెం వంకరగా అనిపించి
మళ్ళీ వెళ్ళి సరిచేశాను.