తారు దిగేదెవరు

పెనుమూరు దాటినాక దారి సన్నబడతాది,
ఉతికి ఉతికి కుంచించకపోయిన తువ్వాలు మాదిరి.
ఎనిమిదడుగుల తారు.
నా టెంపో ఆరడుగులు.
మిగిలిన రెండడుగుల్లో
దొరసామి, ఆయన సైకిలు,
వెనక క్యారేజీకి తాళ్ళేసి కట్టిన పది ట్రేల కోడిగుడ్లు.

పదకొండేండ్లుగా ఇదే తగాదా.
నేను హారన్ కొడతా. ఆయన దిగడు.
ఇంకా కొడతా. ఆయన వీపు నన్ను చూస్తా ఉంటాది.
చెమటకంటుకున్న బనీను, దానికి చిల్లులు.
ఎన్ని చిల్లులో నాకు లెక్క తెలుసు.
"చచ్చేదానికి నా బండే దొరికిందా?" అంటా అద్దం దించి.
"మీ తాత పట్టాలో ఏసినారా రోడ్డు?" అంటాడాయన,
తల తిప్పకుండానే.

నా తొందర నాకుంటాది.
తోతాపురి కాయ కోసినాక ఆగదు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
ఎనిమిదికి ముందు టోకెనైతే సాయంత్రానికి దించుకుంటారు,
దాటితే రెండు రాత్రులు లైన్లోనే నిద్ర.
వెనక కాయ ఉడుకెక్కి వాసన మారతాది,
రైతు అరుస్తాడు, ఫైనాన్సోడు ఫోన్ చేస్తాడు.
ఇంత కథా ఆయనకి చెప్పేదెట్ల?
హారన్‌కి వచ్చేది ఒకే మాట:
తప్పుకో.

ఆయన లెక్క నాకు తెలీదు,
ఆ పొద్దు పంచరయ్యేదాకా.
టీ అంగడి ముందర స్టెప్నీ ఎక్కిస్తా ఉంటే
ఆయనే చెప్పినాడు. నాతో కాదు,
టీ పోసే కుప్పమ్మతో, నాకు ఇనపడేటట్టు.
"తారు దిగితే ఏడు గుడ్లు పగులుతాయి. మళ్ళా ఎక్కితే అయిదు.
పొద్దునకు నాలుగు బండ్లు.
గుడ్డుకి నాకు మిగిలేది అర్ధ రూపాయి.
నువ్వే చెప్పు మ్మే, నేనెవరికని దారియ్యాల?"
కుప్పమ్మ ఏం చెప్పలేదు. గ్లాసు కడిగింది.

ప్రతి ఎలక్షనుకూ పాత తారు మింద కొత్త తారు పోస్తారు.
పక్కన తట్టెడు గ్రావెల్ పొయ్యరు.
పొర మింద పొర, ఇప్పటికి అంచు జానెడెత్తు.
ఆ గ్రావెల్ బిల్లు తిన్నోడు నాలుగు లైన్ల రోడ్డులో పోతా ఉంటాడు,
ఈ దారి తొక్కడు.

ఇదంతా తెలిసినాక మారినానా? లేదు.
మర్నాడూ హారన్ కొట్టినా.
కాకపోతే తిట్టు సగంలో మర్చిపోయినా.

ఆరుద్ర కార్తెలో ఒక ఆదివారం,
ఫ్యాక్టరీ నుంచి ఖాళీ బండితో వస్తా ఉంటే
కల్వర్టు పక్కన దొరసామి.
పార, తట్ట, ఎగ్గట్టిన పంచె.
గుట్ట కాడ తవ్వి తెచ్చిన ఎర్రమన్ను అంచుకి పోసి
కాళ్ళతో తొక్కతా ఉండాడు.
బండి పొడుగున వాలు తయారైంది.
"ఇంగ నువ్వు సుఖంగా దిగొచ్చులే పెద్దాయనా" అన్న్యా.
"నేనెందుకు దిగుతాను రా?"
పార ఆనుకోని నిలబడినాడు.
"ఇది నువ్వు దిగేదానికి.
పొయ్యేటప్పుడు కుడి పక్క రెండు చక్రాలు దించు, చాలు.
నీ కాయలు పగలవు గదా."

నాకు కోపం రావాల.
నవ్వొచ్చింది.
ఆయనకి కనపడకుండా గేరేసినా.

సోమారం, ఇంకా సరిగ్గా తెల్లారలేదు.
ముందర ఆయన. వెనక నేను, రెండు టన్నుల కాయ.
కల్వర్టు వచ్చింది.
చెయ్యి హారన్ మిందికి పోయింది, అలవాటు.
అక్కడే ఉండిపోయింది.
స్టీరింగ్ కుడికి తిప్పినా.
ముందు చక్రం దిగింది, వెనకది దిగింది,
బండి ఒంగింది, మన్ను ఓర్చుకునింది.
పైనుంచి నాలుగు కాయలు ఎగిరి దారిలో పడినాయి.
దాటతా చూసినా:
గుడ్లు కదల్లేదు.
ఆయన నా దిక్కు చూళ్ళేదు.

తారెక్కి కొంచెం దూరం పోయినాక
వెనక నుంచి ట్రింగుమని సద్దు.
కాయలు పడినాయని చెప్పిందో,
పోరా అనిందో.
ఆ సైకిలుకి బెల్లుండాదని
పదకొండేండ్లలో నాకు ఆ పొద్దే తెలిసింది.